పచ్చిక దేశంలో బోరు నీళ్లు తాగొద్దంటున్నారు, ఎందుకని?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పాడి గురించే. మామూలుగా అయితే పొదుగువాపు, వెన్న శాతం, దాణా రేటు, ఇవే అడుగుతారు. ఈసారి ఎందుకో అందరూ నీళ్ల మీద పడ్డారు. ఒకరు న్యూజిలాండ్ బోరుతో మొదలుపెడితే ఇంకొకరు ఇంటి వెనక కుంట దగ్గర తేలారు. చూస్తే అన్నీ ఒకదానికొకటి ముడిపడినవే, అందుకని ఒకేచోట జవాబులు ఇస్తున్నాను. మిగతావి వచ్చే నెల.

ప్రశ్న: మా అబ్బాయి న్యూజిలాండ్‌లో, క్రైస్ట్‌చర్చ్‌కి గంట దూరంలో ఒక పాల ఫారంలో పని చేస్తున్నాడు. ఫారంలోనే ఇల్లు ఇచ్చారు. కోడలికి ఆరో నెల. మొన్న బోరు నీళ్లు టెస్ట్ చేయిస్తే నైట్రేట్ 8 వచ్చిందట, నర్సమ్మ ఈ నీళ్లు మానేసి వేరే నీళ్లు తాగమందట. ఇక్కడ మా వీధి వాటర్ ప్లాంట్ అబ్బాయిని అడిగితే ‘మన దగ్గర 45 వరకు పర్వాలేదండీ, ఎనిమిదంటే అమృతం’ అన్నాడు. ఎవరి మాట వినాలి? అయినా అంత పచ్చటి దేశంలో నీళ్లు పాడవడమేంటి? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, నర్సమ్మ మాటే వినండి. ప్లాంట్ అబ్బాయి అబద్ధమేమీ చెప్పలేదు, కాకపోతే రెండు వేరు వేరు కొలతల్ని ఒకటే అనుకున్నాడు. ఒకరు సేర్లలో చెప్తే ఇంకొకరు కిలోలు అనుకున్నట్టు. మన దేశంలో తాగునీటి ప్రమాణం మొత్తం నైట్రేట్‌ని లెక్కేస్తుంది, లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదు. న్యూజిలాండ్‌లో ఆ నైట్రేట్‌లో ఉన్న నత్రజనిని మాత్రమే లెక్కేస్తారు, వాళ్ల హద్దు 11.3. వాళ్ల అంకెని 4.43 పెట్టి గుణిస్తే మన అంకె వస్తుంది. మీ అబ్బాయి 8 ని గుణించి చూడండి, 35 దాటుతుంది. హద్దు లోపలే ఉంది, నిజమే, కానీ అమృతం అనేంత దూరంలో మాత్రం లేదు.

ఇంకో సంగతి, ఆ హద్దు పెట్టింది ముఖ్యంగా సీసాపాలు తాగే పసిబిడ్డల కోసం. 1945లో అమెరికాలోని అయోవాలో ఒక డాక్టరు గమనించాడు, బావినీళ్లతో పాలపొడి కలిపి పట్టిన పసివాళ్లు కొందరు నీలంగా మారిపోతున్నారని. నైట్రేట్ ఒంట్లో నైట్రైట్‌గా మారి రక్తంలోని హిమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది, ఆ తర్వాత అది ఆక్సిజన్ మోయలేదు. పెద్దవాళ్లు తట్టుకుంటారు, నెలల బిడ్డ తట్టుకోలేదు. ఈ జబ్బుకి అది సరైన హద్దే. కానీ ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తాగితే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. డెన్మార్క్‌లో 27 లక్షల మంది వివరాలు పెట్టి 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు, అందులో మన లెక్కలో 4 దగ్గర నుంచే పెద్దపేగు క్యాన్సర్ కాస్త ఎక్కువగా కనిపించింది. నీళ్లే కారణమని అది తేల్చేయలేదు, శాస్త్రవేత్తల మధ్య ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. గర్భిణుల విషయంలో మాత్రం అక్కడి మంత్రసానుల సంఘం జాగ్రత్త వైపే మొగ్గింది, వాళ్ల లెక్కలో 5 దాటితే వేరే నీళ్లు చూసుకోమంటుంది. కాబట్టి నర్సమ్మ ఊరికే భయపెట్టలేదు.

మీరు ఫోన్ చేసి ‘నీళ్లు మరగబెట్టుకుని తాగండమ్మా’ అని చెప్పే ఉంటారు. ఆ మాట వెనక్కి తీసుకోండి. మరగబెడితే క్రిములు చస్తాయి, నైట్రేట్ చావదు. నీరు ఆవిరైపోయి అది అడుగునే ఉండిపోతుంది, కషాయం కాచినట్టు ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్ దాన్ని ఆపదు, అల్ట్రావయొలెట్ దీపమూ ఆపదు. ఆర్వో తీస్తుంది. వంటింట్లో ఒక్క కుళాయికి ఆర్వో పెట్టించమని యజమానిని అడగమనండి, ఇల్లు ఇచ్చినవాడిని నీళ్లు అడగడానికి మొహమాటం దేనికి? స్నానానికి, బట్టలకి, గిన్నెలకి ఆ బోరు నీళ్లు వాడుకోవచ్చు. రేపు బిడ్డ పుట్టాక పాలపొడి కలపాల్సి వస్తే మాత్రం ఆ బోరు నీళ్లు ఒక్క చుక్క కూడా వద్దు.

ఇక పచ్చటి దేశం సంగతి. ఆ పచ్చదనంలోనే ఉంది కథంతా. మీ అబ్బాయి ఉండే ప్రాంతాన్ని క్యాంటర్‌బరీ అంటారు, కొండలకీ సముద్రానికీ మధ్య బల్లపరుపు మైదానం. కొండల నుంచి నదులు వేల ఏళ్లుగా దొర్లించుకొచ్చి పరిచిన గులకరాళ్లు, చాలాచోట్ల వాటి మీద పల్చగా మట్టి, అంతే. వానలు తక్కువ. ఎండాకాలం వస్తే గడ్డి ఎండి గోధుమరంగుకి తిరిగేది, అందుకే అక్కడివాళ్లు గొర్రెల్ని మేపుకునేవారు, గోధుమ, బార్లీ వేసుకునేవారు. తర్వాత ఉన్ని ధర పడింది, పాలపొడికి గిరాకీ పెరిగింది, చైనా కొనడం మొదలుపెట్టింది. రకాయా, వైమకరిరి లాంటి నదుల నుంచి కాలవలు తవ్వారు, బోర్లు వేశారు, వందల గజాల పొడవున చక్రాల మీద గుండ్రంగా తిరిగే స్ప్రింక్లర్లు తెచ్చారు. 1990లో ఆ ఒక్క ప్రాంతంలో పాడి పశువులు లక్ష పైచిలుకు. 2019కి 12 లక్షలు! అంటే మీ అబ్బాయి పంపే ఫొటోల్లో కనిపించే ఆ పచ్చిక వానకి మొలిచింది కాదు, మోటారు పెట్టి తడిపింది.

ఇప్పుడు ఆవు దగ్గరికి వద్దాం. అక్కడి ఆవుకి చాలావరకు కొట్టం ఉండదు, ఏడాదంతా బయటే, పేడ అయినా పంచితం అయినా నిలబడ్డచోటే. ఆవు ఒక్కసారి పోస్తే సుమారు రెండు లీటర్లు, లీటరుకి దాదాపు 10 గ్రాముల నత్రజని, అదంతా పడేది పీటంత చోటులో, చదరపు మీటరులో మూడో వంతు అనుకోండి. ఆ లెక్కని ఎకరానికి పెంచి చూస్తే 240 కిలోల నత్రజని అవుతుంది, మన రైతు భాషలో పదకొండు పన్నెండు బస్తాల యూరియా. వరికి ఎకరాకి రెండు మూడు బస్తాలు వేస్తాం మనం. ఆ పీటంత చోట ఉన్న గడ్డి ఎంతని తింటుంది? తిన్నంత తిని మిగతాది వదిలేస్తుంది, అది మట్టిలో నైట్రేట్‌గా మారుతుంది. మట్టి దాన్ని పట్టుకోదా అంటే, పట్టుకోదు. మట్టి రేణువుకీ నైట్రేట్‌కీ ఒకే రకం విద్యుదావేశం, అయస్కాంతం ఒకే కొనల్లా ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. చలికాలంలో గడ్డి ఎదగదు, వాన పడుతుంది, ఆ వానతో పాటు నైట్రేట్ గులకరాళ్ల సందుల్లోంచి జారుకుంటూ భూగర్భజలంలోకి దిగుతుంది. మళ్లీ అదే నీటిని మీ అబ్బాయి ఇంటి బోరు పైకి తోడుతుంది.

ప్రభుత్వం ఏమీ చేయలేదా అంటే చేసింది. 2021 జూలై నుంచి పచ్చిక మీద వేసే కృత్రిమ నత్రజని హెక్టారుకి ఏడాదికి 190 కిలోలు మించకూడదన్నారు. అంటే ఎకరానికి నాలుగు బస్తాల యూరియా లోపు. మంచిదే, కానీ పన్నెండు బస్తాల మచ్చలు వేసేది ఆవు కదా. అక్కడ ఎకరానికి ఒకటిన్నర ఆవు దాకా ఉంటుంది, ఆవులు అన్నే ఉంటే మచ్చలూ అన్నే ఉంటాయి. 2025 సెప్టెంబరులో ఆ ప్రాంతీయ మండలి ఏకంగా నైట్రేట్ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అన్నిటికంటే ఇబ్బంది పెట్టే సంగతేమిటంటే, ఇవాళ బోరులో వచ్చే నీరు ఇవాళ ఇంకింది కాదు, లోతు బోర్లలో అయితే పదుల ఏళ్ల కిందటిది. రేపటి నుంచి ఆవులన్నిటినీ తోలేసినా అంకె కొన్నేళ్లు పెరుగుతూనే ఉండొచ్చు.

మీ అబ్బాయి మీద మాత్రం కోప్పడకండి. పాలు పితికే కుర్రాడు తెచ్చిపెట్టింది కాదు ఇది.

ప్రశ్న: లీటరు పాలకి 11 వేల లీటర్ల నీళ్లు కావాలని చదివిన. మా బర్రె రోజుకి ఎనభై లీటర్లు కూడా తాగది. ఎవడు కనిపెట్టిండు సార్ ఈ లెక్క?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: తమ్ముడూ, అది బర్రె తాగే నీళ్ల లెక్క కాదు. పైన చెప్పిన క్యాంటర్‌బరీ ఆవులదే. మైక్ జాయ్ అని న్యూజిలాండ్‌లో మంచినీటి జీవావరణ శాస్త్రవేత్త ఉన్నాడు, ప్రభుత్వాలకీ పాల కంపెనీలకీ ఆయనంటే పెద్దగా గిట్టదు. ఆయన, తోటివాళ్లు 2022లో వేసిన లెక్క అది. లీటరు పాల వెనక నీళ్లలోకి ఎంత నైట్రేట్ దిగుతుంది, దాన్ని మళ్లీ మంచినీటి స్థాయికి పల్చన చేయాలంటే ఎన్ని నీళ్లు పోయాలి, ఇదీ ప్రశ్న. సాంబారులో ఉప్పెక్కువైతే నీళ్లు పోస్తాం కదా, ఎన్ని చెంబులు పోయాలని అడిగినట్టు. మీరు చదివినచోట ఒక్క పెద్ద అంకే వేసి ఉంటారు, వాళ్లు చెప్పింది మాత్రం 433 నుంచి 11,110 లీటర్ల దాకా. ఎంత శుభ్రమైన నీరు కావాలని పట్టుబడితే అంత పెద్ద అంకె వస్తుంది. మనిషి తాగితే చాలనుకుంటే చిన్నది, నదిలో చేపలూ పురుగులూ కూడా బతకాలంటే పెద్దది.

మీ బర్రెకి ఆ లెక్క అతకదు. అది తినేది వరిగడ్డి, తవుడు, గట్టు మీద గడ్డి, దాని పేడ పోయేది మీ పొలానికే. కాకపోతే అట్లాంటి బర్రెలు వంద ఒకేచోట కట్టేస్తే అప్పుడు ఏమవుతుందో కింద ఒంగోలు రైతుకి చెప్పిన జవాబు చదువు.

ప్రశ్న: పోయిన నెల మీరు పశువుల పంచితం వల్ల నీళ్లు పాడవుతున్నాయని రాశారు. ఆవుని దోషిగా నిలబెట్టడం మంచిది కాదు. మేము నాలుగేళ్లుగా జీవామృతంతోనే పండిస్తున్నాం, భూమి గుల్లబారింది, వానపాములొచ్చాయి. దీనికి మీ సమాధానం ఏమిటి?
– ఒక ప్రకృతి వ్యవసాయ రైతు, అనంతపురం జిల్లా

జవాబు: అయ్యా, మీకూ నాకూ తగాదా లేదు. మీ జీవామృతంలో ఎకరానికి ఎంత పంచితం పోస్తారు? ఐదు నుంచి పది లీటర్లు, పది కిలోల పేడ, బెల్లం, పప్పుల పిండి, 200 లీటర్ల నీళ్లలో కలిపి నాలుగు వేల చదరపు మీటర్ల మీద చల్లుతారు. నేను రాసింది రెండు లీటర్లు పీటంత చోట పడడం గురించి. అదే పంచితం, అదే ఆవు, తేడా మోతాదులో ఉంది. మీ నేలకి అందేది చిటికెడు, అక్కడ అదే మట్టిలోకి కుమ్మరింత.

మీ జిల్లాలోనే ఉంది దీనికి మంచి ఉదాహరణ, మీకు తెలియంది కాదు. కోత అయ్యాక గొర్రెల మంద కట్టిస్తారు పొలంలో. కాపరికి డబ్బో ధాన్యమో ఇచ్చి మరీ కట్టిస్తారు. ఒక మడిలో ఒకటి రెండు రాత్రులు, తర్వాత మంద పక్క మడికి జరగాలి. ఎక్కువ రాత్రులు ఒకేచోట ఉంచితే ఆ మడిలో పైరు ఏపుగా పెరిగి పడిపోతుందని, గింజ సరిగ్గా పట్టదని పెద్దవాళ్లు ఊరుకునేవారు కాదు. నత్రజని ఎక్కువైతే జరిగేది అదే కదా. వాళ్లు ఆ పేరు వాడలేదు, మందని మాత్రం ఠంచనుగా జరిపించేవారు.

భూమి గుల్లబారిందన్నారు కాబట్టి ఇంకొక్క మాట. ఎక్కువ ఆవుల్ని తడి నేల మీద తిప్పితే దానికి తలకిందులు జరుగుతుంది. మనం వరికి దమ్ము ఎందుకు చేస్తాం? మట్టిని మెత్తగా తొక్కించి, సందులు మూసేసి, నీరు కిందికి ఇంకకుండా చేయడానికి. న్యూజిలాండ్ దక్షిణాన సౌత్‌లాండ్‌లో చలికాలం వందల ఆవుల్ని చిన్న మళ్లలో మేపుతారు, మోకాళ్ల దాకా బురద. ఆ గిట్టలు చేసేది దమ్మే, కాకపోతే వరి వేయని నేలలో. మట్టిలో గాలి ఆడదు, పడిన వాన ఇంకదు, పేడనీ మట్టినీ అందులో ఉన్న భాస్వరాన్నీ కడుక్కుని పక్కనున్న ఏరులోకి పోతుంది. మనం కావాలని చేసి మడికి గట్టు వేసి ఆపుకుంటాం, అక్కడ ఆ గట్టు లేదు.

ప్రశ్న: నాకు 30 ముర్రా గేదెలు, షెడ్డు, రెండెకరాల సూపర్ నేపియర్ గడ్డి ఉన్నాయి. పేడ షెడ్డు వెనక పోగేస్తాం, కడిగిన నీళ్లు కాలవ తీసి పక్కనున్న కుంటలోకి వదిలాం. రెండేళ్లలో కుంట పచ్చగా చిక్కబడింది, గుర్రపుడెక్క కమ్మేసింది, మొన్న తెల్లవారేసరికి చేపలన్నీ తేలాయి. కుంట పాడుకున్నతను నా మీద గొడవకొచ్చాడు. తప్పు నాదేనా? గోబర్ గ్యాస్ పెడితే సరిపోతుందా?
– పాడి రైతు, ఒంగోలు దగ్గర ఊరు

జవాబు: చాలావరకు మీదే, ఏమనుకోకండి. చేపలు తెల్లవారే ఎందుకు తేలాయో ఆలోచించారా? కడుగునీళ్లలో ఉన్న నత్రజని, భాస్వరం నాచుకి దాణా లాంటివి. నాచు పగలు ఎండకి ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే ఆక్సిజన్ తాగుతుంది, చచ్చిన నాచు, కొట్టుకొచ్చిన పేడ కుళ్లడానికి ఇంకొంత పోతుంది. సూర్యుడు రాకముందు కుంటలో ఆక్సిజన్ అడుగంటుతుంది. ముందు రోజుల్లో ఎవరైనా నాలుగింటికి లేచి వెళ్లి చూసుంటే చేపలు నోళ్లు పైకెత్తి గాలి కోసం కొట్టుకోవడం కనిపించేది. ముందు ఆ కాలవ పూడ్చేయండి, కుంటతనితో కూర్చుని మాట్లాడుకోండి. ఇది పోలీస్ స్టేషన్ దాకా పోయే వ్యవహారం కాదు, కానీ పోనిస్తే పోతుంది.

ఇప్పుడు అసలు లెక్క, కాగితం తీసుకోండి. గేదెకి రోజుకి 15 కిలోల పేడ అనుకున్నా, తక్కువే చెప్తున్నాను, ముప్ఫైకి 450 కిలోలు. ఏడాదికి 160 టన్నులు పైనే. మాగాక సగమైనా 80 టన్నుల పశువుల ఎరువు. ఎకరానికి మనం వేసుకోమని చెప్పేది నాలుగు టన్నులు. అంటే మీ గేదెలకి ఇరవై ఎకరాలు కావాలి, మీకున్నది రెండు. మీ ఇబ్బంది అంతా ఈ ఒక్క తేడాలోనే ఉంది. క్యాంటర్‌బరీలో 800 ఆవుల మందకైనా, మీ షెడ్డుకైనా ఇదే లెక్క. గేదెలకి మేత బయట నుంచి వస్తుంది, దాణా బస్తాల్లో వస్తుంది, పాలు క్యాన్లలో బయటికి పోతాయి, పేడ ఒక్కటే మీ దగ్గర ఉండిపోతుంది.

కాబట్టి పేడ కూడా ఊరు దాటాలి. మీ చుట్టుపక్కల పొగాకు, మిరప, శనగ రైతులు ఎరువు కోసం తిరుగుతుంటారు, ట్రక్కు లెక్కన అమ్మండి, డబ్బులివ్వకపోయినా వరిగడ్డికి మార్చుకోండి. పేడ కుప్ప మీద పందిరి వేయండి, వాన తగిలితే అందులోని సారమంతా కుంటలోకో బోరులోకో పోతుంది. షెడ్డు కడిగే ముందు పారతో పేడ ఎత్తేయించండి. మీ పనివాడు పైపు పట్టుకుని పేడంతా నీళ్లతోనే తోసేస్తుంటాడు, ఔనా? అలా చేస్తే రెండు బకెట్ల పనికి ఇరవై బకెట్లు అవుతాయి, ఆ ఇరవై బకెట్లనీ మళ్లీ ఎక్కడ పోయాలా అని వెతుక్కోవాలి. కడుగునీళ్లకి సిమెంటు తొట్టి కట్టించండి, మట్టిగుంట వద్దు, మట్టిగుంటంటే మెల్లగా కారే తొట్టే. ఆ నీళ్లు నేపియర్‌కి మడి మార్చి మడి పెట్టండి, రోజూ షెడ్డుకి దగ్గరున్న మడికే వదిలెయ్యకండి. బోరు ఎక్కడుందో మీరు రాయలేదు. పేడ కుప్పకి వంద అడుగుల లోపు ఉండి, పల్లానికి ఉంటే మాత్రం కుప్పనే జరపండి, బోరు పైపు చుట్టూ సందు లేకుండా గచ్చు చేయించండి.

గోబర్ గ్యాస్ పెట్టండి, తప్పకుండా పెట్టండి. 25 కిలోల పేడకి దాదాపు ఒక ఘనమీటరు గ్యాస్ వస్తుంది, మీకు రోజుకి పద్దెనిమిది దాకా, ఏడెనిమిది ఇళ్లలో వంట అవుతుంది. కానీ అది పెడితే పేడ సమస్య తీరిపోయిందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. గ్యాస్‌గా పోయేది పేడలోని కర్బనం. నత్రజని, భాస్వరం స్లర్రీలో, అంటే గ్యాస్ పోయాక మిగిలే చిక్కటి పేడనీళ్లలో, అలాగే ఉంటాయి, పైగా నత్రజని మొక్కకి ఇంకా త్వరగా అందే రూపంలోకి మారుతుంది. పంటకి త్వరగా అందుతుందంటే నీళ్లలోకీ త్వరగా దిగుతుందనే. స్లర్రీకీ ఆ ఇరవై ఎకరాలు వెతుక్కోవాల్సిందే. ప్లాంట్ అమ్మేవాళ్లు ఈ ముక్క ఎందుకు చెప్పరో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ప్రశ్న: కడుగునీళ్లు పెట్టి పెంచిన మా సొంత నేపియరే, మందులు కొట్టలేదు. వారం రోజులు ముసురు పట్టింది, ఆ గడ్డి కోసి వేశాం. గంటన్నరలో రెండు గేదెలు వణికి పడిపోయాయి. డాక్టరుగారు రక్తం తీస్తే చాక్లెట్ రంగులో ఉంది, నీలం మందు ఎక్కించారు, ఒకటి దక్కింది. గడ్డిలో విషమేంటి?
– ఒక మహిళా పాడి రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, పోయిన గేదె గురించి బాధగా ఉంది. మీ డాక్టరుగారు చాలా చురుగ్గా పట్టుకున్నారు. ఆ నీలం మందు మిథిలీన్ బ్లూ. తెనాలి తల్లికి చెప్పిన పసిబిడ్డ జబ్బు, మీ గేదెల జబ్బు ఒకటే, రెండిట్లోనూ నైట్రేటే దొంగ. కడుగునీళ్లు తాగి తాగి మడిలో నైట్రేట్ పోగుపడింది. ఎండ ఉంటే గడ్డి దాన్ని మాంసకృత్తులుగా మార్చుకుంటుంది. ముసురు పట్టినప్పుడు వేర్లు పీల్చడం ఆపవు, ఆకు మార్చడం ఆగిపోతుంది, అదంతా కాండంలో, అందులోనూ అడుగు భాగంలో నిలవ ఉంటుంది.

ముసురు రోజుల్లో, బెట్ట తర్వాత మొదటి వాన పడిన వారంలో ఆ మడి కోయకండి. కోయాల్సి వస్తే అడుగున ఒక అడుగు వదిలి పైన కోయండి, ఆకలి మీదున్న గేదెకి ఉట్టిది వేయకుండా ముందు వరిగడ్డి వేసి తర్వాత కలిపి వేయండి. గడ్డిని గాలి తగలకుండా పాతర వేస్తే నైట్రేట్ కొంత తగ్గుతుంది, ఎండబెడితే తగ్గదు. ఆ మడికి ఈ ఏడాది కడుగునీళ్లు ఆపి మంచి నీళ్లే పెట్టండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో మాకు పాలు పోసే అతను మూసీ గడ్డి వేస్తాడు. ఆ పాలు తాగొచ్చా?
– గృహిణి, ఉప్పల్

జవాబు: పీర్జాదిగూడ వైపు మూసీ ఒడ్డున పెరిగే పారా గడ్డి గురించి అడుగుతున్నట్టున్నారు. చూశారా ఎంత తమాషానో, మిగతాచోట్ల పశువుల నుంచి నీళ్లు పాడవుతుంటే ఇక్కడ మనం పాడు చేసిన నీళ్లు తాగి గడ్డి పెరుగుతోంది, ఆ గడ్డి తిని గేదె మనకి పాలిస్తోంది. పాలలో క్రిముల భయం కాచితే పోతుంది. ఫ్యాక్టరీల నీళ్లతో వచ్చే సీసం లాంటి లోహాలు మాత్రం కాచితే పోవు, అవి ఉన్నాయా లేవా అన్నది వాసన చూసో రంగు చూసో చెప్పలేం, పాలు ల్యాబ్‌లో ఇవ్వాల్సిందే. చిన్నపిల్లలున్న ఇల్లయితే నేనైతే పాలతన్ని మారుస్తాను. అతన్ని తిట్టకండి, నగరంలో మేత దొరికేచోటు అదొక్కటే అయితే అతనేం చేస్తాడు.

ప్రశ్న: మా ఊళ్లో నలభై ఇళ్లకి గేదెలున్నాయి, ప్రతి ఇంటి ముందూ పేడదిబ్బే. బోర్లలో నైట్రేట్ ఉందేమో ఎలా తెలుస్తుంది? రుచి తేడాగా ఉంటుందా?
– పంచాయతీ వార్డు సభ్యుడు, సూర్యాపేట జిల్లా

జవాబు: రుచి, రంగు, వాసన ఏవీ ఉండవు, అందుకే ఇన్నేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదికలో దేశం మొత్తం మీద 440 జిల్లాల్లో కొన్నిచోట్లైనా 45 దాటిందని తేలింది, అంటే మీ ఊరొక్కటే కాదు. అన్నిటికీ గేదెలే కారణం అనుకోకండి, యూరియా ఉంది, అడుగున గచ్చు లేని మరుగుదొడ్డి గుంతలున్నాయి. బోరు పక్కనే గుంత తవ్విన ఇళ్లు మీ ఊళ్లో ఎన్నున్నాయో ఒకసారి లెక్కపెట్టండి.

గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్లకి ల్యాబ్‌లు ఉంటాయి, పంచాయతీ తరఫున అడగండి. దిబ్బలకి దగ్గరున్న బోర్లు నాలుగు, దూరంగా ఉన్నవి రెండు ఎంచుకుంటే తేడా కనిపిస్తుంది. మోటారు ఐదు నిమిషాలు వదిలేసి, సీసాని ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిచి, అంచు దాకా నింపి, ఐసు పెట్టెలో పెట్టి ఆ రోజే పంపండి. వానలు వెళ్లాక ఒకసారి, మే నెలలో ఒకసారి. రిపోర్టు చేతికొచ్చాక ఆ అంకె నైట్రేట్‌దా, అందులోని నత్రజనిదా అని అడిగి, ఆ మాట కాగితం మీదే రాయించుకోండి.